కుండలో బెండు

విజయవాడ పటమటలోని లేడీస్ హాస్టల్ గేటు ముందు తమ ఊరిపెద్ద పేరయ్య తాత నిలబడి ఉన్నాడని వార్డెన్ ఫోన్ చేస్తే ఉష మొదట నమ్మలేదు. ఆయన కొత్తమొగ దాటేది రెండే పనుల మీద: డీజిల్ కోసం నాగాయలంక, కంటి డాక్టరు కోసం మచిలీపట్నం. ఆయన దృష్టిలో విజయవాడ అంటే కృష్ణ నీళ్ళన్నీ బ్యారేజీ దగ్గర ఆపేసుకుని, తనకు అక్కర్లేనివి కిందికి వదిలే ఊరు. అలాంటి ఊరికి సంచీ నిండా ఎండురొయ్యలు పట్టుకుని మరీ వచ్చాడు. రొయ్యల సంగతి వార్డెన్ చెప్పకముందే మూడో అంతస్తుదాకా తెలిసిపోయింది.

మగవాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర కూర్చున్నారు. ఉషకి ఒకటే అనుమానం. రెండేళ్ళ కిందట తమ ఇంటి బెండుని కుండలో పడనివ్వకుండా తిప్పి పంపిన మనిషి, ఇప్పుడు తన కోసం రొయ్యలెందుకు మోసుకొచ్చాడు?

ఆ బెండు సంగతి కొంచెం చెప్పుకోవాలి. కొత్తమొగ దివిసీమ చివర, ఏరు సముద్రంలో కలిసే చోట ఉంటుంది. అక్కడ పాయలో వల కట్టే చోట్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నింట్లో తెల్లారేసరికి బుట్టలు నిండుతాయి, కొన్నింట్లో నాచు తప్ప ఏమీ తగలదు. అందుకని ఏటా చీటీలు తీసినట్టు వాటాలు వేసుకుంటారు. చీటీ బదులు బెండు: వల నీళ్ళలో మునిగిపోకుండా కట్టే తేలికపాటి చెక్కముక్క. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, కత్తితో చెక్కింది. ఉషా వాళ్ళది మూడు గీతల మీద ఒక అడ్డగీత. బెండ్లన్నీ కుండలో పోసి కలిపి, ముందు ఎవరిది వస్తే వాళ్ళకి అన్నిటికన్నా మంచిదైన మొదటి చోటు, తర్వాతది రెండోది, అలా చివరిదాకా. కుండలో బెండున్నవాడు ఊరివాడు. లేనివాడు ఎన్నాళ్ళుగా ఉన్నా, ఆధార్ కార్డులో ఏ అడ్రసున్నా, ఆ ఊరికి చుట్టమే. చుట్టం మీటింగులో మాట్లాడకూడదు. చుట్టానికి టీ ఇస్తారు.

పాతికేళ్ళ కిందట ఒక రూలు పెట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరూ కొత్తమొగ వాళ్ళయితేనే కొడుక్కి బెండు. పై ఊళ్ళ వాళ్ళు సంబంధాలు కలుపుకుని వచ్చి చోట్లు అడుగుతున్నారని పేరయ్య తాతే పట్టుబట్టి పెట్టించాడు. ఉష తల్లి మణెమ్మది గన్నవరం దగ్గర పల్లెటూరు. ఆమె అప్పటికే కోడలిగా వచ్చేసింది కాబట్టి ఆమె భర్త బెండు ఆయన ఉన్నంత కాలం ఉంది. ఆయన పోయాక అన్నయ్య రాంబాబు అదే బెండు పట్టుకుని వెళితే, తాత తీసుకుని చూసి, తిరిగి చేతిలో పెట్టేశాడు. అప్పట్నించీ రాంబాబు ఇతరుల వలలకి కూలికి వెళుతున్నాడు. ఆ పాయలో ఏ పోటుకి ఏ చేప ఎటు తిరుగుతుందో వాడికి తెలిసినట్టు తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినదంతా పక్కవాడి బుట్టలో పోసి ఇంటికొస్తున్నాడు.

తాత టీ సాసర్లో ఒంపుకుని ఊదుకుంటూ అసలు విషయానికొచ్చాడు. కొడుకు సంజీవరావుకి సముద్రం పడలేదు, ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చూసుకుని మైలవరం పిల్లని చేసుకున్నాడు. అది పాతమాట. కొత్తమాట ఏమిటంటే వాళ్ళబ్బాయి జానకిరామ్ డిప్లొమా అయిపోయాక ఉద్యోగం వద్దని తాత దగ్గరికొచ్చి వల పట్టాడు. తాతకి వయసైపోయింది. తన బెండు మనవడికి ఇవ్వాలి. మనవడి తల్లిది మైలవరం.

ఉషకి నవ్వొచ్చింది. పైకి రానివ్వకుండా టీలో ముంచేసింది.

"నువ్వు ఏదో పాతకాలం దేశానికి చట్టాలు రాస్తన్నావంటగా. మీ అమ్మ చెప్పింది. ఇలాంటి చిక్కుకి అందులో ఏదన్నా దారుందేమో చూడమ్మాయ్," అన్నాడు తాత.

మణెమ్మ చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఉష పనిచేసే కంపెనీ కంప్యూటర్ గేములు చేస్తుంది. ఇప్పుడు చేస్తున్న గేములో ఆడేవాళ్ళు ఒక పాతకాలపు నగరాన్ని కట్టి నడపాలి. మొదటి లెవెల్ ఏథెన్సు, రెండోది రోము. గోడలు, ఓడలు, మేకలు వేరేవాళ్ళ పని. నగరంలో తిరిగే చిన్నచిన్న మనుషుల్లో ఎవరు పౌరులు, ఎవరు కారు, పుట్టిన పిల్లలకి ఆ హక్కు వస్తుందా రాదా, అదంతా ఉష పని. ఏథెన్సులో పదవులు చీటీలు తీసి పంచేవాళ్ళని చదివినప్పుడు టీములో అందరూ వింతగా చూశారు. ఉషకి మాత్రం వాళ్ళ ఊరి కుండ గుర్తొచ్చి, ఆ కోడు ఒక్క పూటలో రాసేసింది.

"ఇదే చిక్కులో ఒకాయన ఇరుక్కున్నాడు తాతా," అంది. "చట్టం పెట్టినాయనే."

అప్పుడు పెరిక్లీస్ కథ చెప్పింది. ఏథెన్సుకి పెద్దదిక్కులాంటి మనిషి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు వాళ్ళయితేనే పౌరుడు అని చట్టం తెచ్చాడు. తర్వాత మిలేటస్ అనే పై ఊరి నుంచి వచ్చిన అస్పాసియాతో కాపురం పెట్టాడు, ఒక కొడుకు పుట్టాడు. మొదటి భార్య కొడుకులిద్దరూ అంటువ్యాధిలో పోయారు. మిగిలిన ఒక్క కొడుకూ తన చట్టం ప్రకారమే పరాయివాడు. ముసలాయన ఊరి ముందు నిలబడి ఏడ్చి అడిగితే, జాలిపడి ఆ ఒక్క అబ్బాయికి పౌరసత్వం ఇచ్చారు.

"అంటే దారుందన్నమాట," అన్నాడు తాత. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఆ ఒక్కడికే. చట్టం అలాగే ఉంచారు."

"ఒక్కటి చాలు. తర్వాత ఆ అబ్బాయి బాగుపడ్డాడా?"

ఇది అడగకుండా ఉంటే బాగుండుననుకుంది ఉష. ఆ అబ్బాయి పెద్దయ్యి సేనాపతుల్లో ఒకడయ్యాడు, సముద్రం మీద పెద్ద యుద్ధం గెలిచారు. కానీ తుఫాను లేచి, మునిగిన ఓడల్లోని సొంత మనుషుల్ని ఎక్కించుకోలేకపోయారు. ఆ నేరానికి ఊరంతా ఓటేసి, చేతికి దొరికిన సేనాపతుల్ని చంపేశారు. అతన్ని కూడా.

తాత సాసరు కింద పెట్టేశాడు. "తుఫాన్లో పడవెలా తిప్పుతార్రా? ఓటేసినోళ్ళలో ఒక్కడన్నా వేటకెళ్ళాడా ఎప్పుడన్నా?" ఆయనకి పెరిక్లీస్ మీద కన్నా ఆ జనం మీదే ఎక్కువ కోపం వచ్చింది. కాసేపటికి కోపం దిగాక బేరం పెట్టాడు. ఉష వచ్చి ఊరి ముందు ఈ కథ చెప్పాలి, తుఫాను ముక్క తీసేసి. జానకిరామ్‌తో పాటు రాంబాబు బెండు కూడా కుండలో వేయించే పూచీ తనది.

ఉష సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది. రాంబాబు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎలా వచ్చినా బెండు బెండే, ఒప్పుకోమన్నాడు. వాడి గొంతులో అంత ఆశ ఉష ఈ రెండేళ్ళలో వినలేదు. ఫోన్ మణెమ్మ లాక్కుంది.

"మరి అంకాలమ్మ కొడుకు సంగతేంటి?"

అంకాలమ్మ కొత్తమొగ ఆడపడుచే. భర్త ఇల్లరికం వచ్చినవాడు, పై ఊరివాడు, కాబట్టి ఆమె కొడుక్కీ బెండు లేదు. ఇలాంటి ఇళ్ళు ఊళ్ళో ఇంకొన్ని ఉన్నాయి. మణెమ్మా అంకాలమ్మా నాగాయలంక మార్కెట్లో పక్కపక్క బుట్టలు పెట్టుకుని చేపలమ్ముతారు.

"మనకి తలుపు తీయించుకుని దాని మొహాన వేస్తే రేపు దాని పక్కన ఎలా కూచోను? అయినా నాకు తెలీక అడుగుతా. తల్లిని కుండలో చెయ్యి పెట్టనివ్వరు, మీటింగులో నోరు తెరవనివ్వరు. కొడుకు బెండు తీసెయ్యడానికి మాత్రం తల్లి ఏ ఊరిదో కావాలా?"

ఏథెన్సు మీద ఉష చదివిన పుస్తకాల్లో ఇదే మాట చాలా పేజీల్లో ఉంది. ఇంత బాగా లేదు.

మర్నాడు తాతకి ఫోన్ చేసి చెప్పేసింది. ఇద్దరికే అయితే తను రాదు. రూలే మారుస్తానంటే వస్తుంది, కంప్యూటర్ తెచ్చి ఆ రూలు ఊరినేం చేస్తుందో చూపిస్తుంది. తాత నీళ్ళు నమిలాడు. "మార్చడమంటే నేను పెట్టింది తప్పని ఒప్పుకోవాలి కదమ్మాయ్."

"తప్పని ఎవరూ అనరు తాతా. పాత వెర్షన్ అంటారు. మా ఆఫీసులో రోజూ అదే అంటాం."

తాత మధ్యేమార్గం చూసుకున్నాడు. ఊరి ముందు ఉష నెగ్గితే తను లేచి రూలు మారుద్దామంటాడు. నెగ్గకపోతే తన మనవడొక్కడి కోసం తనే అడుక్కుంటాడు, రాంబాబు సంగతి ఇక ఎత్తకూడదు. ఉష సరేనంది. ఫోన్ పెట్టేశాక గానీ అన్నయ్య చేతికి దాదాపు వచ్చేసిన బెండుని తను పందెం కాసిందని తట్టలేదు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పకుండా ఉండటానికి ఆ వారం చాలా పని కల్పించుకుంది.

నిజంగానే పని ఉంది. గేములో ఏథెన్సుని తీసేసి కొత్తమొగని పెట్టింది. ఏ ఇంట్లో ఎవరు, ఎవరి పిల్లలెందరు, అన్నీ అమ్మ ఫోన్లో చెబుతుంటే ఎక్కించింది. రూలు మాత్రం మార్చక్కర్లేకపోయింది. పెరిక్లీస్‌దీ పేరయ్య తాతదీ ఒకటే రూలు.

వేట నిషేధం ముగిసేముందు ఆదివారం తుఫాను షెల్టర్లో ఏటా జరిగే వాటాల మీటింగు. జానకిరామ్ బైకు మీద టీవీ తెచ్చాడు. గోడవారన మణెమ్మ, అంకాలమ్మ, రాంబాబు, అలాంటి చుట్టాలందరూ టీ గ్లాసులతో నిలబడ్డారు. ముందు వరసలో వెంకటకృష్ణారావు కూర్చున్నాడు. ఊరి కమిటీకి సెక్రటరీ. వారసుల్లేక ఖాళీ అయిన చోట్లని ఉన్న బెండ్లవాళ్ళే మళ్ళీ పంచుకుంటారు కాబట్టి, రూలు వల్ల ఆయనకి ఏటా రెండు చోట్లొస్తున్నాయి. ఈ అమ్మాయి ఏ హోదాలో మాట్లాడుతుందో ముందు తేల్చమన్నాడు.

"టీవీ ఆపరేటర్ హోదాలో," అన్నాడు తాత.

తెర మీద కొత్తమొగ కనబడగానే జనం మీటింగు సంగతి మర్చిపోయారు. అదిగో మా ఇల్లంటే ఇదిగో మాదన్నారు. ఏథెన్సు బొమ్మల్నే వాడింది కాబట్టి అందరికీ ఒంటి మీద ఆ కాలం వాళ్ళు చుట్టుకునే దుప్పట్లే ఉన్నాయి. మా నాయనకి చలిజ్వరమా అని ఒకాయన ఆరా తీశాడు. ఒక్కో ఇంటి మీదా దాని గుర్తు వెలుగుతూ ఉంటుంది, బెండు పోయిన ఇంటి గుర్తు ఆరిపోతుంది. ఇప్పుడు రూలు ప్రకారం ఏళ్ళు గడుపుతానని చెప్పి ఉష బటన్ నొక్కింది. తెర మీద పెళ్ళిళ్ళవుతున్నాయి, పిల్లలు పుడుతున్నారు, ముసలాళ్ళు పోతున్నారు. ఉష లెక్క ప్రకారం ఇక గుర్తులు ఆరడం మొదలవ్వాలి.

ఊరు చక్కగా ఉంది.

ఉష ఇంకో తరం గడిపింది. ఇంకా బాగుంది. నాలుగు ఇళ్ళు కొత్తగా లేచాయి. వెంకటకృష్ణారావు కాళ్ళు చాపుకున్నాడు. రూలు బంగారంలా పనిచేస్తోందన్నాడు. వెనక్కి తిరిగితే అన్నయ్య మొహం చూడాల్సొస్తుందని ఉష తిరగలేదు. అంతా బాగానే రాసింది, ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాలేదు.

అప్పుడు గోడ దగ్గర్నించి అంకాలమ్మ అంది, "ఆ చేప గుర్తింటి అబ్బాయికీ నిచ్చెన గుర్తింటి అమ్మాయికీ పెళ్ళెలా చేశావే? వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. వాళ్ళ తాతలు అన్నదమ్ములు కాదూ?"

ఆమె చుట్టమని, మాట్లాడకూడదని ఎవరికీ గుర్తు రాలేదు. విషయం వరసలది.

ఉషకి వెలిగింది. ఏథెన్సులో పెళ్ళికి పెద్దగా అడ్డాల్లేవు. తండ్రి ఒక్కడే అయినా తల్లులు వేరైతే అన్నాచెల్లెళ్ళు కూడా చేసుకోవచ్చు. గేములో ఆ సెట్టింగు అలాగే వదిలేసింది. తెర మీది కొత్తమొగ రెండు తరాలుగా అన్నాచెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు చేస్తూ పచ్చగా ఉంది. ఈ మాట పైకి చెబితే ఊరు తనని ఏట్లో వేస్తుంది. క్షమించమని, వరసలు ఎవరైనా చెబితే సరిచేస్తానని అంది.

చెప్పకుండా ఎవరుంటారు? ఒక్కసారిగా షెల్టరంతా లేచింది. ఇంటిపేరు ఒకటైతే కుదరదన్నారు. అక్కచెల్లెళ్ళ పిల్లలకి కుదరదన్నారు. మేనరికం అయితే పరవాలేదన్నారు. ఫలానా ఇంటికీ ఫలానా ఇంటికీ ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటే, అది ముసలాళ్ళకే తెలుసన్నారు. అందరికన్నా ఎక్కువ తప్పులు వెంకటకృష్ణారావే పట్టాడు. ఆయనకి ఊరి వరసలన్నీ నోటికొచ్చు. వాళ్ళు చెప్పినవన్నీ ఉష ఎక్కించి మళ్ళీ మొదటినుంచి నడిపింది.

ఈసారి మొదటి తరంలోనే పెళ్ళిళ్ళు తగ్గాయి. కుర్రాళ్ళు సగంమంది దుప్పట్లు కప్పుకుని ఏటిగట్టు మీద ఊరికే తిరుగుతున్నారు. మిగతావాళ్ళు పై ఊరి పిల్లల్ని తెచ్చుకున్నారు, వాళ్ళ పిల్లలు పుట్టగానే ఇంటి గుర్తు ఆరిపోయింది. ఒక్కో గుర్తు ఆరుతుంటే షెల్టరు చప్పుడు తగ్గింది. నిచ్చెన ఆరింది. చేప ఆరింది. చివరికి ఏటిపాయ నిండా చోట్లున్నాయి, ఊళ్ళో రెండిళ్ళ మీదే గుర్తులు వెలుగుతున్నాయి. ఆ రెండిళ్ళూ అన్నదమ్ములవి.

వెంకటకృష్ణారావు గొంతు సవరించుకున్నాడు. "ఇది ఆట. అమ్మాయి ఏం రాస్తే అది చూపిస్తది."

ఆ మాట న్యాయమైనదే. ఉష వాదించకుండా మౌస్ ఆయన చేతికిచ్చింది. రూలొక్కటీ వదిలేసి ఏదైనా మార్చుకోమంది. ఆయన తుఫానులు తీసేశాడు. రోగాలు తీసేశాడు. ప్రతి ఇంటికీ ఆరుగురు పిల్లల్ని పెట్టాడు. ఊరు ఇంకో తరం ఎక్కువ బతికింది, తర్వాత గుర్తులు ఆరడం మొదలెట్టాయి. మళ్ళీ మొదటికి తెచ్చి, ముసలాళ్ళని చావకుండా చేసి చూశాడు. ఊరి నిండా ముసలాళ్ళే మిగిలారు. ఇంకోసారన్నాడు. పక్కవాళ్ళు ఇటు నొక్కు అటు నొక్కు అంటున్నారు. ఆయన ఎవరి మాటా వినే స్థితిలో లేడు.

"కృష్ణారావూ," అంది అంకాలమ్మ నెమ్మదిగా. "టీవీలో పెళ్ళిళ్ళు తర్వాత చేద్దువుగానీ. మీ పెద్దోడికి సంబంధం ఏ ఊళ్ళో చూస్తన్నావు?"

ఆయన మౌస్ మీద చెయ్యి తీయలేదు. తెర వైపే చూస్తూ అన్నాడు. "అవనిగడ్డలో."

అది అందరికీ తెలిసిన విషయమే. ఊళ్ళో వరసయ్యే పిల్ల లేక మూడేళ్ళుగా వెతుకుతున్నాడు. పై ఊరి పిల్లని తెస్తే మనవడికి బెండుండదని తెలిసి, వచ్చిన సంబంధాలు వెనక్కి పంపుతున్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ముందు వరసలో ఉన్నవాళ్ళలో సగంమంది ఇళ్ళలో అదే కథ.

మరి వేరే రూలుంటే ఏమవుతుందో చూపించమని ఎవరో అడిగారు. ఉష కీబోర్డు మీద నొక్కి రోము సెట్టింగు పెట్టింది. రోము వాళ్ళు ఓడించిన ఊళ్ళకి హక్కులిచ్చారు, విడుదలైన బానిసలకిచ్చారు, చివరికి ఒక చక్రవర్తి, రాజ్యంలో స్వేచ్ఛగా ఉన్నవాళ్ళందరినీ దాదాపు ఒక్క ఉత్తర్వుతో పౌరుల్ని చేసేశాడు. తెర మీద కొత్తమొగ ఇళ్ళు నాగాయలంక దాకా పాకిపోయాయి. జనం ముందు సంబరపడి, తర్వాత కంగారుపడ్డారు. ఇంతమందికి చోట్లెక్కడివన్నారు. అది ఊరు కాదు, సత్రమన్నాడు వెంకటకృష్ణారావు.

అప్పుడు పేరయ్య తాత లేచాడు. మనవడి పేరెత్తలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. తను ఆ రూలు పెట్టినప్పుడు ఊళ్ళో పెళ్ళికూతుళ్ళున్నారని, ఇప్పుడు లేరని, రూలుకి వయసైపోయిందని అన్నాడు. "రోమూ వద్దు, ఆ దుప్పట్ల ఊరూ వద్దు. అమ్మో నాయనో, ఇద్దర్లో ఒకరు మనూరైతే బెండు. కాదన్నోళ్ళు చెయ్యెత్తండి."

వెంకటకృష్ణారావు చెయ్యి మౌస్ మీదే ఉంది. ఎవరి చెయ్యీ లేవలేదు.

"మరి కొడుకుల్లేనోళ్ళు కూతురి బెండు వెయ్యొచ్చా?" అని మణెమ్మ గోడ దగ్గర్నించి అడిగింది. తాత వినబడనట్టు కుండ తెమ్మన్నాడు. ఏథెన్సులోనూ ఇదే బాపతని తల్లి చెవిలో చెప్పింది ఉష. అయితే ఆ ఊళ్ళో కూడా చెవులు పని చెయ్యవన్నమాట అంది మణెమ్మ.

కుండ వచ్చింది. కొత్త బెండ్లు ఒక్కొక్కటే పడ్డాయి: జానకిరామ్‌ది, అంకాలమ్మ కొడుకుది, గోడవారన ఉన్న మిగతావాళ్ళవి. రాంబాబు మూడు గీతల బెండు వేసేటప్పుడు చెయ్యి అంచుకి తగిలి కుండ ఊగింది. తాత కలిపి, ఒక్కోటీ తీసి గుర్తు పైకెత్తి చూపిస్తున్నాడు. మొదటి చోటు అంకాలమ్మ కొడుక్కి వెళ్ళింది. ఆమె మణెమ్మ భుజం మీద ఎంత గట్టిగా కొట్టిందంటే టీ ఒలికింది. ఒక్కో చోటూ అయిపోతోంది. మంచివన్నీ అయిపోయాయి, ఓ మాదిరివి అయిపోయాయి. మూడు గీతల బెండు అందరికన్నా చివర్న, కుండలో ఇంకేమీ లేనప్పుడు వచ్చింది. దానికి మిగిలింది రొయ్యల చెరువుల మురుగుకాలవ వచ్చి కలిసే మలుపు. అక్కడ వల కడితే బురద, పీతలు, అప్పుడప్పుడూ ఒక చెప్పు.

ఉష భయపడుతూ అన్నయ్య వైపు చూసింది. రాంబాబు అప్పటికే గోడ దగ్గర లేడు. షెల్టరు మధ్యకి వచ్చేశాడు. కుండ సరిగ్గా కలపలేదన్నాడు. ఆఖర్న వేసిన బెండ్లు పైనే ఉంటాయి కాబట్టి ముందే రావాలి, మరి తనదెందుకు అడుక్కి పోయిందో చెప్పాలన్నాడు. ఆ మురుగుకాలవ సంగతి చెరువుల వాళ్ళతో తేల్చకుండా రెండేళ్ళుగా కమిటీ ఏం చేస్తోందని వెంకటకృష్ణారావుని నిలదీశాడు. రెండేళ్ళుగా మీటింగులో టీ తాగి గ్లాసు కడిగి పెట్టడం తప్ప ఏమీ చెయ్యని మనిషి, ఇప్పుడు గొంతు చించుకుని అన్యాయం జరిగిందంటున్నాడు. సెక్రటరీ కూడా తగ్గలేదు. చుట్టుపక్కల నలుగురు అటు, నలుగురు ఇటు చేరారు.

"రాంబాబూ, కూచో," అన్నాడు పేరయ్య తాత విసుగ్గా. "ముందు జానకిరామ్ చెప్పేది ఉంది. నీ వంతొచ్చినప్పుడు మాట్లాడు."

రాంబాబు చుట్టూ చూశాడు. రెండో వరసలో ఒకాయన జరిగి చోటిచ్చాడు. వెళ్ళి కూర్చుని, చేతులు కట్టుకుని, మొహం ఇంకా కోపంగానే పెట్టుకుని, తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు.